ముమ్మాటికీ పుచ్చుకున్న వాయనం

మా ఇంట్లో తీసిన సినిమాని నేను ఒక్కసారే చూశాను. అదైనా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, నేత పోగుల సందుల్లోంచి చూశాను. కోడలు తన ఫోను చెంబుకి ఆనించి పీట మీద పెట్టింది. ఆయన గుమ్మంలో నిలబడ్డారు, కూర్చోమన్నా కూర్చోలేదు. ముందు మా పెరటి కాలవ రేవు వచ్చింది, తరవాత వంటింటి కిటికీ, ఆ తరవాత నా వీపు. నా వీపు అంత వెడల్పని అంతవరకు నాకు తెలీదు. ఆ రోజు జాకెట్టు హుక్కు ఊడిపోతే పిన్నీసు పెట్టుకున్నాను. అది ఫోనులో దీపంలా మెరుస్తోంది. "అయ్యో, కుట్టుకోవాల్సింది" అనుకుని సిగ్గుతో ముడుచుకుపోయాను. అసలు సిగ్గు ఇంకా ముందుందని నాకేం తెలుసు.

నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని రాస్తాను. కానీ ఎవరు ఎక్కడ కూర్చుని ఏ మాటన్నారో నాకు గుర్తుండిపోతుంది. ఇప్పుడు ఇది రాయడం ఎందుకంటే, ఆ సినిమా గురించి మా చుట్టుపక్కల తిరిగే కథల్లో ఒక్కటీ జరిగింది జరిగినట్టు లేదు.

మాది ముక్తేశ్వరం దగ్గర ఊరు. ఆయన కొబ్బరి తోటలు కౌలుకి తీసుకుని కాయ దింపులు తీయిస్తారు. ఇల్లు మామగారి నాటి పెంకుటిల్లు. కొట్టేసి మేడ కట్టుకోవాలని మాకుంది గానీ, ఆ పెంకులే చూసి ముచ్చటపడి మాఘమాసంలో సినిమావాళ్ళు వచ్చారు. పట్టుమని పదిమంది లేరు. పెద్ద హీరోలు లేరు, వ్యాను లేదు. ఒక చిన్న కెమెరా, నాలుగు గొడుగులు, అందరూ కుర్రకారే. తీసే మనిషి ఒక ఆడపిల్ల. వాళ్ళ అమ్మమ్మది రాజోలు వైపట. జుట్టు బాగా కత్తిరించుకుని ప్యాంటూ చొక్కా వేసుకుంటే, ఆయన చూసి "రా బాబూ, కూర్చో" అనేశారు. తరవాత నాలిక కరుచుకున్నారు.

"ఫర్వాలేదు బాబాయిగారూ. బాబూ అన్నా పలుకుతాను, అమ్మా అన్నా పలుకుతాను" అంది నవ్వుతూ.

ఆ నవ్వుకే నేను పడిపోయాను. అద్దెకిమ్మంటే ఇల్లిచ్చాం. బయటి తిండి పడటం లేదంటే వంట కూడా నేనే చేశాను. పనసపొట్టు కూర చేసిన రోజు కెమెరా కుర్రాడు పని మానేసి మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు.

కథేంటమ్మా అని నేను అడగకపోలేదు. వంటింటి గడప మీద కూర్చుని టీ తాగుతుంటే అడిగాను.

"ఇద్దరు నేస్తాల కథ పిన్నిగారూ" అంది.

"ఆడపిల్లలేనా ఇద్దరూ?"

"ఆయ్. ఇద్దరూ ఆడపిల్లలే."

నేస్తం అంటే మాకు తెలిసిన మాటే కదా. చిన్నప్పుడు మేమూ నేస్తాలు కట్టుకున్నాం. ఒకే రంగు రిబ్బన్లు, ఒకే జామకాయ చెరో కొరుకు. ఆ లెక్కలోనే అనుకున్నాను. ఆ పిల్ల నా మొహంలోకి కాసేపు చూసింది, ఇంకేమైనా అడుగుతానేమోనని కాబోలు. నేను చారు పొంగుతోందని లేచిపోయాను.

నాలుగు రోజులయ్యాక అట్లతద్ది తియ్యాలన్నారు. మాఘంలో అట్లతద్దేమిటని ఆయన నవ్వారు. వాళ్ళు చంద్రుడి కోసం పెద్ద దీపం తెచ్చి మా పెరటి కొబ్బరి చెట్టుకి కట్టారు. "చంద్రుణ్ణి జాగ్రత్తగా కట్టండి, కింద గెల ముదిరి ఉంది" అని ఆయన చెట్టు కింద నిలబడి హెచ్చరికలు. నేను నిజం అట్లే వేస్తానని పొయ్యి దగ్గర కూర్చున్నాను. సినిమాకైనా సరే, అమ్మవారి పేరు చెప్పాక కాగితం అట్లు పెడితే నా మనసొప్పదు.

అక్కడే అంతా మొదలైంది. వంటింట్లోంచి చూస్తున్నాను. ఆ ఇద్దరు పిల్లల్లో ఒకమ్మాయి పళ్ళెంలో అట్లు పెట్టి, రెండో అమ్మాయికి చేతులు చాపి అందించింది, కాఫీ ఇచ్చినట్టు. రెండోది ఒంటిచేత్తో తీసుకుని థాంక్స్ అంది. అట్లకాడ చేత్తో పట్టుకునే బయటికొచ్చేశాను.

"అదేంటమ్మా! వాయనం ఇస్తున్నావా, టిఫిన్ ఇస్తున్నావా?"

అందరూ ఆగిపోయారు. తీసే అమ్మాయి మాత్రం కెమెరా కుర్రాడికేదో సైగ చేసింది. అది ఆపొద్దని చేసిన సైగట. నాకు తరవాత తెలిసింది.

వాయనం ఎలా ఇవ్వాలో చూపించాను. ఇచ్చేవాళ్ళు పళ్ళెం మీద తమ కొంగు కప్పాలి, పుచ్చుకునేవాళ్ళు తమ కొంగు కప్పి కింద నుంచి పట్టుకోవాలి. చేతులు పైకి కనపడకూడదు. ఇస్తినమ్మ వాయనం అంటే పుచ్చుకుంటినమ్మ వాయనం అనాలి. ముమ్మాటికీ ఇస్తినమ్మ వాయనం అంటే ముమ్మాటికీ పుచ్చుకుంటినమ్మ వాయనం. చివర్న, నా వాయనం పుచ్చుకున్నదెవరు అని అడుగుతుంది ఇచ్చినావిడ. నేనే, గౌరీదేవిని అనాలి పుచ్చుకున్నావిడ. ఆ మాట అనేదాకా పళ్ళెం వదలకూడదు.

"అయినా పెళ్ళికాని పిల్ల పెళ్ళికాని పిల్లకివ్వడమేంటమ్మా, ముత్తైదువకి కదా ఇవ్వాలి" అన్నాను తీసే అమ్మాయితో.

"కథలో వీళ్ళింటికి ముత్తైదువలెవరూ రారు పిన్నిగారూ. పిలిచినా రారు. అందుకని ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకుంటారు."

ఎందుకు రారని నేను అడగలేదు. జాలేసింది, అంతే. పండగపూట ఇంటికి మనిషి రాకపోవడం కంటే కష్టముంటుందా. "పాపం, ఎవరూ రాకపోతే ఏం చేస్తారు, ఇచ్చుకోండి. అమ్మవారు చూసుకుంటుందిలే" అన్నాను.

ఒకటో సారి, రెండో సారి చేశారు. పుచ్చుకునే పిల్లకి నవ్వాగడం లేదు, పళ్ళెం ఊగిపోతోంది. నాకు కోపమొచ్చింది.

"నవ్వకే! పుచ్చుకున్న వాయనం వెనక్కివ్వడానికి లేదు. ముమ్మాటికీ అన్నాక ముమ్మాటికీనే!"

ఆ పిల్ల నవ్వు ఠక్కున ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గట్టిగా అన్నానేమోనని నేనే గడ్డం పట్టుకుని బతిమాలాను.

పీట మీది ఫోనులో ఇదంతా వచ్చింది. సినిమాలో పెరటి దారిన వచ్చి వాయనం నేర్పి వెళ్ళిపోయే పక్కింటావిడ నేను. నన్ను సినిమాలో ఉంచుకుంటామన్న కాగితం మీద వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాను, అదేదో వాళ్ళు చదివి వినిపించారు కూడా. నేను వెళ్ళిపోయాక ఆ పిల్లలిద్దరూ మళ్ళీ ఎదురెదురుగా కూర్చున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇస్తినమ్మ, పుచ్చుకుంటినమ్మ, నేను చెప్పింది చెప్పినట్టు. పళ్ళెం కింద పెట్టేశారు గానీ కొంగులు తియ్యలేదు. రెండు తలలూ ఒకే కొంగు కిందికి వెళ్ళాయి. గుడ్డ కాస్త కదిలింది. అంతే కనపడింది. ముద్దు పెట్టుకున్నారో లేదో దేవుడికే తెలియాలి. ఊరికి మాత్రం తెలిసిపోయింది.

అప్పుడు నాకు అర్థమైంది. వాళ్ళది పెళ్ళి. ఆ పెళ్ళికి మంత్రం చెప్పింది నేను.

ఆయన "గేదెకి నీళ్ళు పెట్టాలి" అని వెళ్ళిపోయారు. గేదె అప్పుడే కుడితి తాగి పడుకుంది. కోడలు ఫోను తీసి కొంగుతో తుడిచింది. నేను కొంగు మొహం మీంచి తియ్యలేదు. ఆ కొంగు కూడా నాకు వేరేగా అనిపించింది ఆ పూట.

అలాంటి కథతో మన తెలుగులో సినిమాలు పెద్దగా రాలేదట. మెచ్చుకున్నవాళ్ళు ఎక్కడో మెచ్చుకున్నారు. అమలాపురంలో ఒక హాల్లో ఒక్క ఆట వేస్తామన్నారు గానీ, కొందరు గుమ్మానికి అడ్డం కూర్చుంటే ఆగిపోయింది. మా వీధిలో సినిమా మొత్తం చూసినవాళ్ళు లేరు. ఎవరో వాయనం ముక్క మట్టుకు కత్తిరించి ఫోన్లలో వదిలారు. అందులో నేను అట్లకాడ పట్టుకుని రావడం, కసరడం, ఆఖర్న కొంగు కదలడం ఉన్నాయి. మధ్యలో ఉన్న కథంతా పోయింది. దాంతో ఎవరికైనా ఎలా కనపడుతుందంటే, నేనే దగ్గరుండి కూర్చోబెట్టినట్టు కనపడుతుంది. నాకూ అలాగే కనపడింది.

పైగా నేనన్న మాట సినిమా పోస్టరు బొమ్మ మీద పెద్ద అక్షరాలతో వేశారు. ముమ్మాటికీ అన్నాక ముమ్మాటికీనే. ఇక టీ కొట్టు దగ్గర ఆయన పేరు మారిపోయింది.

"ముమ్మాటికీ మావయ్యగారూ, టీ ఒకటా రెండా అండి?"

"రెండెందుకురా, ముమ్మాటికీ అన్నాక మూడు తాగాలి గాని!"

ఈ ముక్కలు నాకు ఆయన చెప్పలేదు. దింపుల కుర్రాడు చెప్పాడు. ఆయన మట్టుకు పొద్దున్నే టీ కొట్టుకి వెళ్ళడం మానేశారు. "ఇంట్లో టీయే బావుంటంది" అన్నారు. పెళ్ళైన దగ్గర్నుంచి నా టీకి వంక పెట్టని రోజు లేదు ఆయనకి. ఇప్పుడు గ్లాసు ఖాళీ చేసి, "బావుంది" అని గోడకేసి చూస్తున్నారు. ఆయన తిట్టినా బాగుండేది. ఆ "బావుంది" వినలేక నేను పెరట్లోకి వెళ్ళి గిన్నెలు మళ్ళీ తోముకునేదాన్ని.

ఇంతలో ఆశ్వయుజం వచ్చింది. అసలు కష్టం నాది కాదు, కోడలిది. ఆలమూరు వైపు పిల్ల మా కోడలు. పెళ్ళైన ఏటి నుంచి అట్లతద్ది నోము పట్టింది. మధ్యలో ఒక ఏడు పురుడొచ్చి, ఒక ఏడు మా మామగారు పోయిన మైల వచ్చి నోము ఆగుతూ సాగుతూ వచ్చింది. ఈ ఏడు ఉద్యాపన, అంటే నోము తీర్చుకోవడం. పదిమంది ముత్తైదువలను పిలిచి, తలా పది అట్లు వాయనమివ్వాలి. అది జరక్కపోతే ఇన్నేళ్ళ ఉపవాసాలూ సగంలో నిలిచిపోయినట్టే. పిల్ల మినప్పప్పు ఏరుతూ కూర్చుంది. ఏరిన పప్పే మళ్ళీ ఏరుతోంది.

పేరంటానికి మేము బొట్టు పెట్టి పిలుస్తాం. బొట్టు పెట్టించుకుని రానంటే దోషం. అందుకని మా వీధి ఆడవాళ్ళు ఒక ఉపాయం చేశారు. మొదటి గుమ్మంలో అడుగు పెట్టకుండానే, "ఆగండాగండి, బయటున్నానండి, ముట్టుకోకండి" అంది ఆ ఇంటావిడ. బయటుండటమంటే నెల మైల. దానికి ఎదురు చెప్పేదేముంది, వచ్చేశాం. రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంటావిడకి మనవలు స్కూలుకెళ్తున్నారు, నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. ఆవిడ కూడా తలుపు చాటునుంచి, "నేనూ బయటే ఉన్నానమ్మా" అంది. అని, తన మాటకి తనే సిగ్గుపడిపోయి తల తిప్పుకుంది. ఆవిడ సిగ్గు చూసి నాకు ఇంకా సిగ్గేసింది. నా మూలంగా పెద్దావిడ అంత అబద్ధమాడాల్సి వచ్చింది.

కుంకంభరిణె మూత పెట్టేసి రోడ్డు మీద నిలబడ్డాం. కోడలంది, "వీధి వీధంతా ఒకేసారి బయటుందత్తయ్యా. లోపలున్నది మనవిద్దరవే."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అది మాత్రం నవ్వలేదు.

ఎదురింటి వదినగారు ఒక్కతే అబద్ధమాడలేదు. ఆవిడా నేనూ ఒకే ఏడు కాపరానికొచ్చాం. నా పిల్లల పురుళ్ళకి మొదట నీళ్ళు కాచింది ఆవిడే. మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది.

"నేను బయటా లేను, ఎక్కడా లేను వదినా. రాను, అంతే. నీ ఇంటికి రానని కాదు. ఆ బొమ్మలో మన నోముని అలా చేసేక నీ చేతి మీదుగా జరిగే పేరంటానికి ఎలా రమ్మంటావు?"

"కోడలి నోము వదినా. దానికేం సంబంధం?"

"అందుకే ఓ దారి చెప్తాను. వాళ్ళు నన్ను మోసం చేసేరు, కథ దాచి నాచేత చెప్పించేరు అని ఫోన్లో ఒక్క ముక్క చెప్పెయ్యి. మా మేనల్లుడు తీసి అందరికీ పంపుతాడు. సాయంత్రానికి వీధంతా నీ గుమ్మంలో ఉంటాది. పదిమందేంటి, పాతికమందిని నేను తోలుకొస్తాను."

ఆవిడ మంచికే చెప్పింది. ఇప్పటికీ అదే అనుకుంటాను. కోడలి మొహం చూశాను. అది మజ్జిగ గ్లాసులోకి చూస్తోంది. అలాగేనని, కోడల్ని ఇంటికి పంపేశాను.

మేనల్లుడు నన్ను వాళ్ళ తులసికోట పక్కన నిలబెట్టాడు. వెలుగు బాగుందన్నాడు.

"నమస్కారవండి" అని మొదలెట్టాను. "మా ఇంట్లో సినిమా తీసేరండి. నాకేం తెలీదండి. కథేంటని అడిగేనండి. ఇద్దరు నేస్తాల కథన్నారండి. వాళ్ళింటికి ఎవరూ రారని కూడా చెప్పేరండి. నాకే తట్టలేదండి."

"ఆపత్తా, ఆపు. మోసం అన్న మాటేదీ?"

"మోసం చెయ్యలేదు కదరా. అడిగితే చెప్పేరు."

"చెయ్యకపోయినా అనాలత్తా. అదే కదా పాయింటు."

మళ్ళీ తీశాడు. మళ్ళీ నమస్కారం దగ్గర్నుంచి చెప్పుకొచ్చాను. మోసం అన్న మాట నోటిదాకా వచ్చింది. వంటింటి గడప మీద టీ గ్లాసు పట్టుకుని, నేను ఇంకేమైనా అడుగుతానేమోనని చూసిన ఆ పిల్ల మొహం కూడా వచ్చింది. "మోసం... చెయ్యలేదండి" అనేశాను.

"సినిమాలో ఒక్కసారికే చెప్పేసేవంట గదా! ఇక్కడ ఇన్ని టేకులు తింటన్నావేంటత్తా?" అని వాడు విసుక్కున్నాడు.

వదినగారు ముందు ఫక్కుమని నవ్వింది. నేనూ నవ్వాను. ఒక్క క్షణం మేమిద్దరం పాత మనుషులమైపోయాం. తరవాత ఆవిడ మొహం మారింది.

"నువ్వు కావాలనే తప్పుతున్నావు వదినా."

"నా నోరు తిరగటం లేదు వదినా. ఒట్టు."

"పరాయిపిల్ల కోసం నోరు తిరగదు. సొంత కోడలు నోము కోసం తిరగదా?"

నేను మా ఇంటికి బయల్దేరాను. మా రెండిళ్ళ మధ్య రోడ్డు పట్టుమని పదడుగులుండదు. అది దాటి మా గుమ్మం ఎక్కేశాను. కోడలికేం చెప్పాలో తెలీక నేరుగా వంటింట్లోకెళ్ళి పిండి రుబ్బడం మొదలెట్టాను.

ఆ మర్నాడు తీసే అమ్మాయి ఫోను చేసింది. మా గొడవ ఎవరి ద్వారా విందో.

"పిన్నిగారూ, నావల్ల మీకింత తలవంపులు. మీరు కావాలంటే సినిమాలో మీ ముక్క మొత్తం తీసేస్తానండి. మీరు లేనట్టే ఉంటుంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వీపు, ఆ పిన్నీసు, ఆ కసురు, అన్నీ పోతాయి. సరేనమ్మా అందామనే అనుకున్నాను. కానీ నా నోటి నుంచి వచ్చింది వేరు.

"నన్ను తీసేస్తే వాళ్ళకి వాయనం ఎవరు చూపిస్తారమ్మా? మళ్ళీ కాఫీ ఇచ్చినట్టు ఇచ్చుకుంటారు."

"అవునండి. తప్పుగా ఇచ్చుకుంటారు" అంది ఆ పిల్ల.

"అయితే ఉంచెయ్యి" అని పెట్టేశాను. పెట్టేశాక నన్ను నేనే తిట్టుకున్నాను. ఇల్లంతా తలొంచుకు తిరుగుతుంటే నాకు వాయనం పద్ధతి తప్పుతుందని బెంగేమిటి! ఈ సంగతి ఆయనకి కూడా చెప్పలేదు.

అట్లతద్ది నాడు పొద్దున ఊయల కట్టాం గానీ ఊగే పిల్లలు రాలేదు. కోడలు ఒక్కతే ఎక్కి రెండుసార్లు ఊగి దిగిపోయింది. రోజంతా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. సాయంత్రం పదిమందికీ పీటలు వేసింది. పీటలు, ముగ్గులు, పళ్ళేలు అన్నీ సిద్ధం. ఆయన వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని, పైన లైటు వేసి, అందరికీ కనపడేలా కూర్చున్నారు. చాలా రోజులకి అలా కూర్చున్నారు.

చంద్రుడొచ్చాడు. ఈసారి నిజం చంద్రుడే, పెరటి కొబ్బరి చెట్టు వెనకనుంచి.

ఉప్పలగుప్తం నుంచి మా ఆడపడుచు ఆటోలో దిగింది. ఆవిడకి రొయ్యల చెరువులున్నాయి, నోరు కూడా పెద్దదే. వస్తూనే, "ఏమే సినిమా తారా, అట్లు మెత్తగా వేసేవా, లేకపోతే మా తమ్ముడి దవడలు పోయినట్టు నావీ పోవాలా?" అంది. ఆవిడ తన ఇద్దరు కోడళ్ళనీ తోలుకొచ్చింది. మా తోటికోడలు మోకాళ్ళు పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. అంతే. ఇక ఎవరూ రాలేదు. ఎదురింటి గుమ్మంలో లైటు కూడా వెయ్యలేదు.

నలుగురికీ వాయనాలయ్యాయి. ఆరు పళ్ళేలు మిగిలాయి. నేను కోడలి దగ్గరకెళ్ళి గొంతు తగ్గించి అన్నాను, "వచ్చే ఏడు చేసుకుందువుగానిలేమ్మా. నా మూలంగా..."

"మీరు ముత్తైదువ కాదేంటత్తయ్యా?"

"నేనింటి మనిషినే."

"పిలిచినా ఎవరూ రాకపోతే ఏం చెయ్యాలో మీరే చెప్పేరు కదా. ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకోమని. కూర్చోండి."

సినిమా చూసిన రోజు నుంచి ఆ పిల్ల ఆ మాట ఎత్తడం అదే మొదలు. నన్ను పీట మీద కూర్చోబెట్టి కాళ్ళకి పసుపు రాసింది. నేను కొంగు చాపాను. కొంగు కింద దాని వేళ్ళు నా వేళ్ళకి చల్లగా తగిలాయి.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

"ముమ్మాటికీ ఇస్తినమ్మ వాయనం."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. బొమ్మ మీద అక్షరాలు, టీ కొట్టు, గోడకేసి చూసే ఆయన, అన్నీ ఆ మాటలోనే ఉన్నాయి. ఎలాగో అన్నాను.

"నా వాయనం పుచ్చుకున్నదెవరు?"

నేనే, గౌరీదేవిని. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. ఆ పూట అనలేకపోయాను. ఇంతమందిని తలొంచుకునేలా చేసి, నేను గౌరీదేవినని ఏ మొహంతో అనను? కోడలు పళ్ళెం వదల్లేదు. ఆ మాట అనేదాకా వదలకూడదని నేను నేర్పిందే. అలాగే పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.

"అనవే తల్లీ, ఆకలేస్తంది!" అంది మా ఆడపడుచు.

అన్నాను. వెంటనే రెండో పళ్ళెం, మూడోది. ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు. నాలుగోది, అయిదోది అయ్యేసరికి జవాబు కాస్త తేలిగ్గా వచ్చేసింది. ఒక్క మనిషికి అన్నిసార్లు ఇవ్వచ్చా అంటే శాస్త్రం నాకు తెలీదు.

ఆఖరి పళ్ళెం చేతిలోకి తీసుకుందో లేదో, పెరటి తలుపు చప్పుడైంది. ఎదురింటి వదినగారి చిన్నకోడలు. కాపరానికొచ్చి ఏడాదన్నా కాలేదు. వాళ్ళ పెరట్లోంచి వీధి చివరిదాకా వెళ్ళి, కాలవ గట్టున తిరిగి వచ్చినట్టుంది. పాదాలకి బురద. తల మీద కొంగు కప్పుకుంది.

"అత్తయ్యగారు పడుకున్నారండి. నేను ఎక్కువసేపు ఉండలేనండి" అంది.

కోడలు ఆ బురద పాదాలు కడిగి, వాటికే పసుపు రాసి, పదో వాయనం ఆ పిల్లకిచ్చింది. నేనే గౌరీదేవిని అని ఆ పిల్ల తడుముకోకుండా అంది. నోము తీరింది. మా కోడలు అప్పుడు ఏడ్చింది, అంతకుముందు కాదు.

ఎదురింటి వదినగారు ఇప్పటికీ మా ఇంటికి రాలేదు. పొద్దున్నే ఆవిడ తన వాకిట్లో, నేను నా వాకిట్లో కళ్ళాపి చల్లుకుంటాం. ఆవిడ ముగ్గు నేను చూస్తాను, నా ముగ్గు ఆవిడ చూస్తుంది. తలెత్తాలంటే నాకింకా భారంగానే ఉంటుంది. ఆవిడ కోడలు ఆ రాత్రి మా ఇంటికొచ్చిన సంగతి దాస్తున్నాను గనక ఇప్పుడు ఆ భారం ఇంకాస్త పెరిగింది. ఇక్కడ రాసేశాను. ఆవిడకి చదువు రాదు.

ఆ పిల్ల వెళ్ళేటప్పుడు పెరటి గుమ్మం దాకా నేనే దీపం పట్టుకెళ్ళాను. అట్లు కొంగులో మూట కట్టుకుని, మెట్టు మీద ఆగింది.

"పిన్నిగారూ, ఆ సినిమా మొత్తం ఎక్కడ చూడొచ్చండి? నేను ముక్కే చూసేను."

దీపం కాస్త పైకెత్తాను. "నీకెందుకమ్మా అది?"

"మా ఊళ్ళో నాకో నేస్తం ఉందండి. దానికి పంపుతాను."

ఆ మాట వంటింటి గడప మీద విన్నప్పుడు చారు పొంగుతోందని లేచిపోయాను. ఈసారి లేవడానికి చారు లేదు. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తోంది, అచ్చం ఆ అమ్మాయి చూసినట్టే. ఎలాంటి నేస్తమని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు.

"మా కోడలు పంపుతాది. దాని ఫోన్లో ఉంది" అన్నాను. అన్నాక మళ్ళీ సిగ్గు ముంచుకొచ్చింది, ఏం చెయ్యను, అది నన్నొదిలేటట్టు లేదు. "చూడు గానీ అమ్మా, నా జాకెట్టుకి వెనకాల పిన్నీసు ఉంటాది. అది మాత్రం చూడకు."

ఆ పిల్ల నవ్వింది. "అది ముక్కలోనే ఉందండి. చూసేసేను" అంది, గట్టు దిగి వెళ్ళిపోయింది.